ఏదన్నా తేడా వస్తే అప్పుడు చూద్దాం

మొన్నామధ్య ఆఫీసులో పక్క సీటు మిత్రుడొకడు హుషారుగా వచ్చి, "నీది అచ్చంపేటే కదా? మన్ననూరు దగ్గర రెండెకరాలు చూశాం. శ్రీశైలం రోడ్డుకి దగ్గర, వెనకంతా నల్లమల. ఆదివారం టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తున్నాం, ఎలా ఉంటుందంటావ్?" అన్నాడు. రేటు చెప్పాడు. మరీ తక్కువ. రిజిస్ట్రేషన్ ఎప్పుడన్నాను. "దానికి కొంచెం టైం పడుతుందట, ప్రస్తుతానికి నోటరీ చేయించి ఇస్తారట" అన్నాడు. లాయరుకి చూపించావా అని అడిగితే మావాడి సమాధానం: "గొడవేం లేదు కదా, లాయరెందుకు? ఏదన్నా తేడా వస్తే అప్పుడు చూద్దాం."

కోడ్ రాసేటప్పుడు మాత్రం ఈ మాట మనం ఒప్పుకోం. టెస్ట్ చెయ్యకుండా ప్రొడక్షన్‌లో పెట్టి, పేలితే అప్పుడు చూద్దామంటే మేనేజరు ఊరుకుంటాడా? జీవితమంతా కూడబెట్టిన డబ్బు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరం అదే చేస్తాం. మా ఊరివైపు డెబ్భై ఐదేళ్ళ భూముల చరిత్ర చూస్తే, ఈ "అప్పుడు చూద్దాం" ఖరీదెంతో తెలుస్తుంది.

1950 నుంచి మొదలుపెడదాం. అప్పటికి మాది హైదరాబాదు రాష్ట్రం, మహబూబ్‌నగర్ జిల్లా, అచ్చంపేట తాలూకా (నాగర్‌కర్నూల్ జిల్లా అయింది 2016లో). 1949లో జాగీర్లు రద్దయ్యాయి. మరుసటి ఏడాది హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. ఏళ్ళ తరబడి దున్నుతున్న కౌలుదారుని "రక్షిత కౌలుదారు"గా గుర్తించి, భూస్వామి ఇష్టమొచ్చినట్టు వెళ్ళగొట్టకుండా రక్షణ ఇచ్చింది. కాగితం మీద చూస్తే అప్పటి దేశంలోని మంచి చట్టాల్లో ఇదొకటి.

మరి జరిగిందేమిటి? ఉస్మానియా యూనివర్సిటీలో పనిచేసిన ఆర్థికవేత్త ఎ.ఎం. ఖుస్రో హైదరాబాదు రాష్ట్రంలో దీన్ని లెక్కగట్టాడు. 1951లో రక్షిత కౌలుదార్లు 100 మంది ఉంటే, మూడు నాలుగేళ్ళు తిరిగేసరికి అదే హోదాలో మిగిలింది సుమారు 45 మంది. ఓ 12 మంది ఆ భూమిని కొనుక్కోగలిగారు. చట్టప్రకారం తొలగించింది ముగ్గురిని కూడా కాదు. చట్టవిరుద్ధంగా వెళ్ళగొట్టింది 22 మందిని. మిగతా 17 మందికి పైగా తమ హక్కుని "స్వచ్ఛందంగా" వదులుకున్నారట!

ఆ "స్వచ్ఛందంగా" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తిండి పెట్టే భూమిని ఎవడైనా కావాలని వదులుకుంటాడా? దొర పిలిచాడు, కాగితం ముందు పెట్టాడు, వేలిముద్ర వెయ్యమన్నాడు. వేసిన మనిషికి అందులో ఏముందో తెలీదు. తనకో చట్టం ఉందనీ తెలీదు. తెలిసినా అడగడానికి మనిషి లేడు. చాలాచోట్ల జరిగింది ఇంతే అయ్యుంటుంది.

అదంతా పాత కథ, మనకెందుకు అనుకోకండి. అదే చట్టంలోని 38-ఈ సెక్షన్ 1973 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, పరిమితులకి లోబడి, రక్షిత కౌలుదారుకే భూమి మీద యాజమాన్యం దక్కుతుంది. 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఫుల్ బెంచ్ కూడా ఈ హక్కుని గట్టిగా సమర్థించింది. అంటే, ఈరోజు మీకు చూపిస్తున్న పట్టా ఎంత నిగనిగలాడుతున్నా, 1950ల నాటి రక్షిత కౌలు రిజిస్టర్లో ఇంకో పేరుంటే, ఆయన మనవలు రేపు మీ గేటు ముందు నిలబడొచ్చు. న్యాయం వాళ్ళవైపే ఉండొచ్చు కూడా.

రెండో కథ మా ఇంట్లోదే. మా తాత ఎకరంపావు కొన్నది సాదా బైనామా మీద. తెల్లకాగితం, ఇద్దరు సాక్షులు, వేలిముద్ర, అంతే. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకానికి రిజిస్ట్రేషన్ ఉండాలని చట్టం చెప్తుంది. కానీ ఊళ్ళో మాటే రిజిస్ట్రేషను. అమ్మినాయన బతికున్నంత కాలం మాట నిలబడింది కూడా. ఆయన పోయాక కొడుకులు, "రికార్డుల మా నాయన పేరే ఉంది గద" అన్నారు. అక్కడ్నుంచి మా చిన్నాయన ఆఫీసుల చుట్టూ తిరుగుడు మొదలు.

ఇలాంటి కాగితాల్ని క్రమబద్ధం చెయ్యడానికి 1971 చట్టంలో తర్వాత 5-ఏ అనే సెక్షన్ చేర్చారు. తెలంగాణలో 2016లో ఒకసారి, 2020లో మళ్ళీ దరఖాస్తులు తీసుకున్నారు. 2020లో అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా గడువు. తమాషా ఏంటంటే, ఆ మధ్యలోనే, అక్టోబరు 29న, కొత్త చట్టం వచ్చి పాతది రద్దయింది! లేని చట్టం కింద ఎలా చేస్తారని హైకోర్టులో కేసు పడి లక్షల దరఖాస్తులు ఆగిపోయాయి. 2025లో వచ్చిన భూభారతి చట్టం మళ్ళీ దారి తెరిచింది, అదీ ఆ గడువులో దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకి, 2014 జూన్ 2కి ముందు కొన్న భూములకి. తాత కాలంలో ఒక్క రోజులో అయిపోయే పని మనవడి కాలం దాకా సాగింది.

ఇక మూడోది, మావాడి రెండెకరాలు. 1950 డిసెంబరులో రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటి హైదరాబాదు రాష్ట్రంలోని షెడ్యూల్డ్ ప్రాంతాలను ఊళ్ళ పేర్లతో ప్రకటించింది. అచ్చంపేట తాలూకా జాబితాలో అమ్రాబాద్, అప్పాపూర్, సార్లపల్లి, మాచారం... వీటితో పాటు మన్ననూరు కూడా ఉంది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను 1963లో తెలంగాణకి వర్తింపజేశారు. వాటికి 1970లో జరిగిన సవరణే అందరూ చెప్పుకునే "వన్ ఆఫ్ సెవెంటీ". దాని ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనులకి, లేదా పూర్తిగా గిరిజనులే ఉన్న సొసైటీకి తప్ప ఇంకెవరికి బదలాయించినా చెల్లదు. అమ్మేవాడు గిరిజనుడు కాకపోయినా సరే! 1988లో సుప్రీంకోర్టు కూడా దీన్ని సమర్థించింది. చెంచుల భూములు సారాకీ అప్పుకీ చేతులు మారకుండా ఉండాలంటే ఇంత గట్టి చట్టమే కావాలి. దాంట్లో నాకైతే తప్పేం కనబడదు. కానీ జాబితాలో ఉన్న ఊరికీ లేని ఊరికీ మధ్య రోడ్డు మీద బోర్డేం ఉండదు కదా.

"రిజిస్ట్రేషన్‌కి టైం పడుతుంది" అన్న మాటకి అర్థం ఇప్పుడు తెలిసిందా? నోటరీ అగ్రిమెంటుతో యాజమాన్యం రాదు. జీపీఏ అమ్మకాలతోనూ రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చి చెప్పింది.

అయితే ప్రతిదానికీ లాయరు దగ్గరికి పరిగెత్తక్కర్లేదు. ఈసీ, పహాణీ మనమే తీసుకోవచ్చు. సమాచార హక్కు దరఖాస్తు మనమే రాయొచ్చు. వినియోగదారుల కమిషన్లో మన కేసు మనమే వాదించుకోవచ్చు. కానీ కొన్ని సందర్భాల్లో ఆగకూడదు. సంతకానికీ అడ్వాన్సుకీ ముందు తప్పకుండా చూపించాలి, అదీ అమ్మేవాళ్ళు చూపించిన లాయరుకి కాదు, మీ సొంత లాయరుకి. కోర్టు సమన్లు వస్తే సివిల్ దావాలో జవాబుకి మామూలుగా ఉండేది 30 రోజులే, కోర్టు దయతలిస్తే 90. అగ్రిమెంటు రాసిచ్చి రిజిస్ట్రేషన్ చెయ్యకపోతే దావా వెయ్యడానికి మూడేళ్ళే గడువు. "మంచిగా అడుగుదాంలే" అనుకుంటూ ఉంటే అవి ఇట్టే గడిచిపోతాయి. అరెస్టయితే మీకు నచ్చిన లాయరుని సంప్రదించే హక్కు రాజ్యాంగం 22వ అధికరణమే ఇచ్చింది.

డబ్బుల్లేవంటారా? 1987 నాటి న్యాయసేవల చట్టం (అమల్లోకి వచ్చింది 1995లో) ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. 15100కి ఫోన్ చేస్తే చాలు. మనకి అవసరం లేకపోవచ్చు గానీ, మనింట్లో పనిచేసే అమ్మకి, అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ కుటుంబానికి ఈ సంగతి చెప్పడానికి మనకేం ఖర్చవదు.

మావాడు చివరికి ఆదివారం వాయిదా వేసి లాయరు దగ్గరికెళ్ళాడు. ఆయన ఊరిపేరు విని, ఇంకేం చదవకుండానే కాగితాలు వెనక్కి ఇచ్చేశాడట. "ఐదు నిమిషాలకి అంత ఫీజా!" అని మావాడు ఇప్పటికీ గొణుగుతున్నాడు.

ఊరెళ్ళినప్పుడు ఈ సంగతంతా చిన్నాయనకి చెప్పాను. నవ్వుతాడనుకున్నా. నవ్వలేదు. కాసేపాగి, "మా నాయనకు అడగాలని లేకుండెనా బిడ్డా? ఎవర్ని అడగాల్నో తెల్వకుండె" అన్నాడు.

మనకా మాట చెప్పుకునే వీల్లేదు.