ఉత్తపీక చరిత్ర

బిడ్డ యేడ్పు మాన్పుటకు నోట నుంచెడి పాలులేని పీక చరిత్రను నేడు విన్నవించెదను. ఐరోపాలో పూర్వము రొట్టెయో పంచదారయో గుడ్డలో మూటగట్టి చీకించెడివారు. కొందరు దానిని సారాలో ముంచెడివారు. డ్యూరర్ అను జర్మను చిత్రకారుడు 1506లో వ్రాసిన మేరీమాత చిత్రమున బాలయేసు చేత నట్టి మూట కలదు. 1900లో అమెరికాలో మైనెకీ అనునతడు రబ్బరు పీకకు పేటెంటు పొందెను.

1989లో ప్రపంచ ఆరోగ్య సంస్థయు యూనిసెఫ్‌యు తల్లిపాలు త్రాగు శిశువులకు పీక వలదనినవి. 2018లో ఆ మాటను సడలించి, దాని ముప్పును తల్లులకు తెలుపవలెననినవి. కారణ మిది: బిడ్డ చీకినకొలది తల్లికి పాలు పడును, పీకను చీకినచో నా శ్రమ వృథా. కావున పాలు చక్కగా కుదురువరకు, ఏడ్చు శిశువును ముందుగా తల్లిరొమ్మున కందింపుడని మీ యిండ్లలో చెప్ప వేడుచున్నాను.