కొలతల పుస్తకంలో కథానాయకులు

హోసూరు బజారు వీధిలో మా నాయన నలభై రెండేళ్ళు దర్జీ పని చేశారు. 1961లో ఒక్క మిషనుతో మొదలుపెట్టి, 2003లో కొట్టు మూసేశారు. ఆయన పోయాక ఇల్లు సర్దుతూంటే అటక మీద రెండు కొలతల పుస్తకాలు బయటపడ్డాయి. మిగిలినవన్నీ ఎప్పుడో పాత పేపర్లవాడి తూకంలోకి పోయాయని అమ్మ చెప్పింది. వేసింది నేనే అయివుంటాను. బ్యాంకులో ముప్ఫై ఏళ్ళకు పైగా ఊళ్ళోవాళ్ళ లెక్కల పుస్తకాలు తిరగేసినవాణ్ణి, మా ఇంటి పుస్తకం విలువ తెలుసుకోలేకపోయాను.

ఒకటి 1974 నుంచి 1978 దాకా, రెండోది 1988 నుంచి 1992 దాకా. చొక్కా పొడవు, ఛాతీ, భుజం, చేయి, మెడ. ఆ అంకెల వరుస చివర మా నాయన ఒక ముక్క రాసుకునేవారు. వచ్చినవాడు తమిళంలో చెప్పినా కన్నడంలో చెప్పినా ఆ ముక్క మాత్రం తెలుగులోనే ఉండేది. "సెట్టిగారి రెండోవాడు - బాటమ్ 24 - రాజేశ్ ఖన్నా." "పోస్టాఫీసు కన్నడాయన కొడుకు - విష్ణువర్ధన్ కాలర్." "మేస్త్రి - ఎం.జి.ఆర్. మాదిరి, చేతులు బిగువు." అసలు పేర్లు చాలాచోట్ల లేవు. మనిషిని ఇంటి గుర్తుతోనూ, చొక్కాను కథానాయకుడి పేరుతోనూ గుర్తుపెట్టుకున్నారన్నమాట.

నేను చరిత్రకారుణ్ణి కాను, చదివింది బి.కాం. అయినా ఈ రెండు పుస్తకాలను ఆధారం చేసుకుని, మన మగవాళ్ళు ఎవరిని చూసి ఏమి తొడుక్కున్నారో రాయవచ్చుననిపించింది. ఆడవాళ్ళ చీరల మీద, నగల మీద పుస్తకాలున్నాయి. మగవాడి చొక్కా గురించి రాసేవాడు తక్కువ.

ఒక్క మనిషిని చూసి వేలమంది వేషం మార్చుకోవడం సినిమాతో మొదలు కాలేదు. గాంధీగారు చొక్కా, తలగుడ్డ వదిలేసి కొల్లాయితో తొలిసారి జనంలోకి వచ్చింది 1921 సెప్టెంబరు 22న, మన మదురైలోనే. అంతకు ముందు కొద్దికాలం ఆయన తలమీద తెల్ల ఖద్దరు టోపీ ఉండేది. ఆయన దాన్ని తీసేశారు గాని, దేశం తీయలేదు. "గాంధీ టోపీ" అన్న పేరుతో అది లక్షల తలలమీద నిలిచిపోయింది. కొల్లాయి కట్టడానికి మాత్రం పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు. పెద్దవాళ్ళను అనుసరించడంలో జనం తమకు వీలైనంత వరకే అనుసరిస్తారని నాకు తోస్తుంది.

సినిమావాళ్ళ విషయానికి వస్తే, మా తాత "భాగవతార్ క్రాపు" మనిషి. ఎం.కె. త్యాగరాజ భాగవతార్ జుట్టు భుజాల మీదికి పడేది. అయినా దాన్ని క్రాపు అనే పిలిచారు. పిలక తీసేసి జుట్టు పెంచుకున్న కుర్రాళ్ళను పెద్దలు ఇంట్లోకి రానిచ్చేవారు కాదని తాత చెప్పేవాడు. 1944 దీపావళికి విడుదలైన "హరిదాస్" మద్రాసు బ్రాడ్వే థియేటరులో మూడు దీపావళులు చూసింది. ఆ సంవత్సరం చివరనే భాగవతార్ లక్ష్మీకాంతన్ హత్యకేసులో అరెస్టయ్యారు. 1947లో బయటికి వచ్చేసరికి జనం అభిరుచి మారిపోయింది. మా తాత క్రాపు మాత్రం 1960లలో కూడా అలాగే ఉంది, నెరిసి. ఆయన ఇంట్లో తెలుగు తప్ప మాట్లాడలేదు, తలమీద మోసింది తమిళ హీరోను.

మా నాయన తరానికి అక్కినేని. 1953లో "దేవదాసు" తెలుగులోనూ తమిళంలోనూ వచ్చింది గనుక మా ఊరి తెలుగువాళ్ళూ తమిళులూ కలిసి ఏడ్చిన సినిమా అదే అంటారు. ఆ తరువాత లాల్చీలు ఎగబడి కుట్టించుకున్నారట. మా నాయన అప్పుడు మరొకరి కొట్టులో కాజాలు కుట్టే కుర్రాడు. లాల్చీకి కాలరు లేదు, కాజాలు తక్కువ. అందుకని దేవదాసు తన కడుపు కొట్టాడని నవ్వుతూ చెప్పేవారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. మనం ఎగబడి అనుకరించినవి చాలావరకు ఆ నటులు అందం కోసం తొడుక్కున్నవి కావు. ఎం.జి.ఆర్. తెల్ల బొచ్చు టోపీ సంగతి తీసుకోండి. "అడిమైప్పెణ్" (1969) రోజుల్లో అలవాటై, 1987 డిసెంబరు 24న ఆయన కన్నుమూసేదాకా దిగలేదు. పలచబడుతున్న జుట్టును దాచడానికేనని లోకం చెప్పుకుంది. టోపీ, నల్ల కళ్ళద్దాలు, చేతి గడియారం ఆయనతోనే మెరీనాలో సమాధి అయ్యాయి. సమాధికి చెవి ఆనించి గడియారం చప్పుడు వినడానికి జనం బారులు తీరడం నేను కళ్ళారా చూశాను. నేనూ చెవి పెట్టాను. సముద్రం చప్పుడే వినిపించింది.

"దీవార్" (1975)లో అమితాబ్ బచ్చన్ నీలం చొక్కాకు నడుము దగ్గర వేసిన ముడి ఇంకో ఉదాహరణ. ఆ చొక్కా దర్జీ పొరపాటున మరీ పొడవుగా కుట్టాడు. షాటు సిద్ధంగా ఉంది, మరో చొక్కా తెప్పించే వ్యవధి లేదు, అందుకే ముడి వేశానని ఆయనే 2021లో రాశారు. ఈ ముక్క చదివినప్పుడు మా నాయన లేరే అనిపించింది. 1976 నాటి పేజీలో ఆయన రాసుకున్నది ఇది: "ఆఫీసు ప్యూను తమ్ముడు - దీవార్ ముడికి - పొడవు 4 అంగుళాలు ఎక్కువ." బొంబాయిలో ఒక దర్జీ చేసిన తప్పును హోసూరులో ఇంకో దర్జీ కొలత వేసి మరీ కుట్టాడు!

మొదటి పుస్తకంలో సగం పేజీలు బెల్‌బాటమ్‌వే. ఓడల్లో పనిచేసే నావికుల ప్యాంటు అది. పాశ్చాత్య పాటగాళ్ళ మీదుగా బొంబాయికి, అక్కడినుంచి మనకూ వచ్చింది. 1974లో బాటమ్ 20 అంగుళాలు. 1975లో 22. 1976కల్లా 24, 26. ఒకే ఒకచోట 28 ఉంది, పక్కన మా నాయన ఆశ్చర్యార్థకం పెట్టారు. వాణిజ్యశాస్త్రం చదివినవాడిగా ఈ అంకెలు నాకు షేర్ల ధరల పట్టికలా కనిపిస్తాయి. ఒక్కో ప్యాంటుకు అదనంగా పావు మీటరు టెర్రికాట్ పట్టేది. బట్టల కొట్టువాడికి లాభం, దర్జీకి కూలి ఒక రూపాయి ఎక్కువ. మోత భరించింది కుర్రాడి తండ్రి. 1978 వచ్చేసరికి మళ్ళీ 20, 18. ఆ ఏడాది పేజీల్లో "పాతది - కాళ్ళు తగ్గించాలి" అన్న ముక్క పదే పదే వస్తుంది. వేలం వెర్రి తగ్గినప్పుడు కూడా దర్జీకి పని ఉంటుందని అప్పుడు అర్థమైంది.

ఈ హీరోలు ఏ భాషవాళ్ళన్న ప్రశ్న మా ఊళ్ళో చిన్నది కాదు. హోసూరు నుంచి బెంగళూరు నలభై కిలోమీటర్లు, మధ్యలో అత్తిబెలె చెక్‌పోస్టు. ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, సంతలో కన్నడం. మూడు భాషల సినిమాలూ ఆడేవి. కుర్రాడు నోరు విప్పకముందే వాడి కాలరు చూసి వాడెవరి మనిషో చెప్పేవాళ్ళు. చేతికి లావుపాటి కడియం ఉంటే విష్ణువర్ధన్ అభిమాని, కన్నడ పక్షం. నుదుటి మీద జుట్టు ఉంగరం తిప్పితే శోభన్‌బాబు, మనవాడు. నల్ల కళ్ళద్దాలు చేతిలో గిరగిరా తిప్పితే రజనీకాంత్. నిజానికి మా తెలుగు కుర్రాళ్ళలో ఎక్కువమంది రజనీ వైపే ఉన్నారు. బళ్ళో, ఆటల్లో, బస్సులో "తెలుంగన్" అనిపించుకోకుండా నెగ్గుకు రావడానికి అది సులువైన దారి. ఆ కళ్ళద్దాలు మాకు ఎండ కోసం కాదు.

కొట్టు గోడమీద మా నాయన మూడు ఫోటోలు కట్టించి పెట్టారు: ఎం.జి.ఆర్., రాజ్‌కుమార్, ఎన్.టి.ఆర్. గిరాకీ ఏ భాషవాడైతే ఆ ఫోటో కింద నిలబెట్టి కొలతలు తీసేవారు. అది వ్యాపార రహస్యమని నాతో అన్నారు.

1989 అక్టోబరులో తెలుగు "శివ" వచ్చింది. బి.కాం. ముగించి బ్యాంకు పరీక్షలు రాస్తున్న రోజులు. బెంగళూరు వెళ్ళి చూసి వచ్చి, నాగార్జునలా చేతులు మడిచే వదులు చొక్కా కావాలని నాయనను అడిగాను. అప్పటిదాకా నేనేనాడూ తెలుగు హీరో చొక్కా అడగలేదు. ఆయన ఏమీ అనకుండా టేపు తీశారు. కొన్ని నెలలకు అదే సినిమా "ఉదయం" పేరుతో తమిళంలోకి వచ్చి ఊరిని ఊపేసింది. నా తమిళ స్నేహితులు వరసగా కొట్టుకు వచ్చి ఆ చొక్కా కుట్టమన్నారు. వాళ్ళకు ఆ హీరో తెలుగువాడన్న పట్టింపే లేదు. నాకు మాత్రం ఛాతీ కొలత ఒక అంగుళం పెరిగినట్టుండేది.

1991 డిసెంబరులో కావేరి మధ్యంతర తీర్పు గెజెట్‌లోకి ఎక్కాక బెంగళూరులో తమిళుల మీద దాడులు జరిగాయి. జనం మూటాముల్లె సర్దుకుని అత్తిబెలె దాటి మా ఊరికి వచ్చారు. పక్క ఊరి బ్రాంచిలో కొత్తగా చేరివున్న నేను శనివారం ఇంటికి వస్తే, కొట్టు గోడమీద మూడు మేకులు మాత్రమే ఉన్నాయి.

"ఏం నాయనా, ఫోటోలేవీ?"

"గోడకు సున్నం కొట్టియ్యాలని తీసినా లేరా."

రాజ్‌కుమార్ ఫోటో దించమని ఎవరో వచ్చి చెప్పారట. ఒక్కటే దించితే ఆ గోడ చూడలేనని మూడూ దించేశారట. ఇది అమ్మ తరువాత చెప్పింది. రాజ్‌కుమార్ పుట్టిన గాజనూరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. రజనీకాంత్ బెంగళూరులో పుట్టి, ఇంట్లో మరాఠీ మాట్లాడినవాడు. ఎం.జి.ఆర్. సింహళంలో పుట్టిన మలయాళీ. ఇవన్నీ నాయనకు తెలుసు, గోడ దగ్గర ఎవరితోనూ అనలేదు. సున్నం కొట్టించనూ లేదు. ఆ స్థలంలో ఒక నిలువుటద్దం పెట్టారు. రెండో పుస్తకంలో ఆ డిసెంబరు తరువాత కొలతల చివర హీరో పేరు ఒక్కటీ లేదు. "వదులు", "బిగువు", "మామూలు" అని మాత్రమే ఉంది.

ఆ తరువాతి కథ రెడీమేడ్‌లది, త్వరగా చెప్పవచ్చు. దర్జీలు మిషన్ల కోసం పెట్టుకునే అప్పు దరఖాస్తులు నా బల్లమీదికి వచ్చేవి. 1990ల చివర ఒకదాని మీద "ఈ వృత్తికి గిరాకీ తగ్గుచున్నది" అని రాసి వెనక్కు పంపాను. అంకెలు చూస్తే సబబే. రాసినవాడు దర్జీ కొడుకు. ఆ సంగతి నాయనకు చెప్పలేదు.

హీరోకూ బట్టకూ ఉన్న సంబంధం కూడా మారింది. బొచ్చు టోపీలు ఎన్ని అమ్ముడుపోయినా ఎం.జి.ఆర్.కు పైసా రాలేదు, జుట్టు ఉంగరానికి శోభన్‌బాబుకు ముట్టిందేమీ లేదు. ఇప్పుడు ముందు ఒప్పందం, తరువాత అనుకరణ. మా ఊరి టైటాన్ ఫ్యాక్టరీలో 1980లలో చుట్టుపక్కల పల్లెల పిల్లలు వాచీలు బిగించడం మొదలుపెట్టారు. 2004లో ఆ వాచీని ఆమిర్ ఖాన్ చేతికి తొడిగి ప్రకటనల్లో చూపించారు. తిరుప్పూరు రామ్‌రాజ్ పంచెల ప్రకటనల్లో తమిళానికి జయరాం, తెలుగుకు వెంకటేశ్ కనిపించారు. గిరాకీ ఏ భాషవాడైతే ఆ ఫోటో కింద నిలబెట్టడం అన్నమాట. మా నాయన వ్యాపార రహస్యం చివరికి కంపెనీలకు తెలిసింది.

మొన్న మా అబ్బాయి వచ్చి రెండో పుస్తకం తిరగేశాడు. వాడికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఒక పేజీ దగ్గర ఆగి, అంకెలన్నీ ఒకటే, చివరి మాట మాత్రం వేరుగా ఉందేమని అడిగాడు. 1990 నాటి పేజీ. వరసగా ఆరు చొక్కాలు, అన్నిటికీ అదే భుజం జారుడు, అదే చేతి మడత. అయిదింటి ఎదురుగా "ఉదయం" అని ఉంది. ఆరోది నేను రెండోసారి కుట్టించుకున్న చొక్కా. దాని ఎదుట "మావాడు - శివ - కూలి లేదు" అని ఉంది. వేలు పెట్టి చదివి వినిపించాను.