తెలుగు స్త్రీనామములు : సౌందర్యవిచారము

ఆడుపిల్లల పేర్లలో ఏది అందమైనది, ఏది మోటుది అను ప్రశ్న పండితసభలకు తగినది కాదని కొందరు తలపవచ్చును. నామకరణమునాడు పీటలమీద కూర్చుండిన తల్లిదండ్రులును, చుట్టును చేరిన పెద్దముత్తైదువలును తేల్చుకొనవలసిన విషయమని వారి భావము. కాని ఒక జాతి తన కూతుండ్రను ఏ పేర్లతో పిలుచుకొన్నదో, ఏ పేర్లను చెప్పుకొనుటకు సిగ్గుపడినదో, శాసనమున చెక్కించునపుడు ఏ పేర్లను మార్చి చెక్కించినదో పరిశీలించినయెడల అది భాషాచరిత్రలోను సంఘచరిత్రలోను భాగమే యగును. ఒక పేరు అందముగా నున్నదని పలుకునపుడు చెవికి సోకిన ధ్వనినిగూర్చి పలుకుచున్నామని మనమనుకొందుము. నిజమునకు ఆ పేరు ఏ యింటివారిదో, ఏ వాడవారిదో దానినిగూర్చియే పెక్కుసారులు పలుకుచున్నామని మా యభిప్రాయము. దానికి ఆధారములను ఇందు చూపుదుము.

స్త్రీనామమునకు లక్షణము చెప్పినవారిలో మనువు ప్రసిద్ధుడు. రెండవ అధ్యాయమున ఆయన చెప్పినదాని సారమిది: స్త్రీ పేరు సుఖముగా ఉచ్చరింపదగినదై, క్రూరార్థము లేనిదై, స్పష్టమైన అర్థము గలదై, మనోహరమై, మంగళకరమై, తుదిని దీర్ఘాచ్చు గలదై, ఆశీర్వాదమును సూచించునదిగా ఉండవలెను. పురుషుల పేర్లకు వర్ణమును బట్టి నియమము చెప్పిన స్మృతికర్త స్త్రీల పేర్లకు మాత్రము వర్ణమును విడిచి సౌందర్యమునే నియమముగా చేయుట గమనింపదగినది. మూడవ అధ్యాయమున నిషేధమున్నది. నక్షత్రము, వృక్షము, నది, కొండ, పక్షి, పాము మొదలగువాని పేర్లు గల కన్యను వివాహమాడరాదట.

ఈ నిషేధమును తెలుగుదేశమున ఎవరు పాటించిరి? రోహిణి, రేవతి నక్షత్రములు. గంగ, గోదావరి, కృష్ణవేణి నదులు. చిలకమ్మ పక్షి. ఇక నాగమ్మ సంగతి చెప్పనే అక్కరలేదు. పలనాటి రాజకీయమును నడపిన నాయకురాలు నాగమ్మ. శ్రీకృష్ణదేవరాయల తల్లి నాగలాదేవి. మధురావిజయ కావ్యమును రచించిన కుమార కంపన పత్ని గంగాదేవి. స్మృతిని శిరసావహించిన యిండ్లలోనే ఈ పేర్లు తరతరములుగా నిలిచినవి. తుది దీర్ఘమునుగూర్చిన నియమము గతియు ఇట్టిదే. సంస్కృతమున రమా, గౌరీ అని యుండు శబ్దములు తత్సమములై తెలుగునకు వచ్చునపుడు తుది అచ్చు హ్రస్వమగును. చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) చదివిన విద్యార్థులందరు ఈ విధిని ఎరుగుదురు. కావున తెలుగు పండితునకు స్మృతి నిలుపుకొన్న వ్యాకరణము చెడును, వ్యాకరణము నిలుపుకొన్న స్మృతి చెడును. ఆయన వ్యాకరణమునే నిలుపుకొనెను.

శాసనములకు వత్తము. సాతవాహనరాజులు గౌతమీపుత్రులు, వాసిష్ఠీపుత్రులు అని తల్లుల గోత్రములను ధరించిరి గాని ఆ తల్లుల స్వంత పేర్లు మనకు అరుదుగా దక్కినవి. నాసికు గుహాశాసనము మూలమున గౌతమి బలశ్రీ పేరు దక్కినది. ఇక్ష్వాకుల కాలమునకు, అనగా క్రీ. శ. 3వ శతాబ్దమునకు, వచ్చుసరికి నాగార్జునకొండలో స్త్రీనామములు గుంపుగా కానవచ్చును: చాంతిసిరి, బాపిసిరిణిక, ఛఠిసిరిణిక, హమ్మసిరిణిక, కొడబలిసిరి, బోధిసిరి. అన్నింటియందును ‘సిరి’ యున్నది. ఇది సంస్కృతపు ‘శ్రీ’కి ప్రాకృతరూపము, నేటికిని మన నోట ఆడుచున్న మాటయే. చాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి. ఆయన కూతురు అడవి చాంతిసిరి. మేనత్త పేరే మేనకోడలికి ఉండుటచే గుర్తుకొరకు ‘అడవి’ చేరినది కాబోలును. నేడు ఏ తల్లియు కూతునకు అడవి అని పేరు పెట్టదు. ఇక్ష్వాకుల అంతఃపురమునకు ఆ మాట మోటుగా తోచలేదు.

తరువాతి శాసనములలో జరిగిన మార్పే మా విచారమునకు కీలకము. ఇంటిలో మైలమ, బయటి సంస్కృతశ్లోకమున మైలాంబ. గణపతిదేవచక్రవర్తి సోదరి, బయ్యారము చెరువును త్రవ్వించిన దాత్రి ఈమె. తూర్పుచాళుక్య రెండవ అమ్మరాజు కాలపు కలుచుంబఱ్ఱు శాసనమునందలి చామెకాంబ పేరున ‘చామెక’ అను దేశిపదమునకు ‘అంబ’ అతికినది. మల్యాల గుండదండాధీశుని పత్ని, గోన బుద్ధారెడ్డి కూతురు అయిన కుప్పాంబిక పేరు ఇంకను స్పష్టము. ‘కుప్ప’ తెలుగు, ‘అంబిక’ సంస్కృతము. ఈ చేర్పు మొదట అందముకొరకు జరిగినది కాదు. సంస్కృతశ్లోకమున పేరునకు విభక్తి చేరవలెనన్న ఆకారాంతమైన ప్రాతిపదిక కావలెను. ‘మైలమ’ ఆ అచ్చులో ఇముడదు, ‘మైలాంబా’ ఇముడును. ఇది శాసనకవి సౌకర్యము మాత్రమే. కాలక్రమమున ఆ సౌకర్యమే గౌరవచిహ్నమైనది. ‘అమ్మ’ ఇంటిమాట, ‘అంబ’ సభలోని మాట అను తారతమ్యము స్థిరపడినది. అంతట వెంగమ్మ వెంగమాంబ యైనది. ఈ రూపమును విడదీసి చూచిన చిత్రముగా నుండును. వెంగమ అనునపుడే ‘అమ్మ’ యున్నది. దానిపై మరల ‘అంబ’. నాగమాంబయు నిట్టిదే. ఒక తల్లి చాలక ఇద్దరు తల్లులు ఒకే పేరున చేరిరి. మొదటి తల్లి తెలుగుది కావుటచే ఆమె గౌరవమునకు చాలలేదు.

దీనికి లొంగని కవియు ఒకడు కలడు. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున తెచ్చి పెట్టిన ముగ్ధభక్తురాలి పేరు గొడగూచి. శివుడు పాలు త్రాగలేదని ఏడ్చిన ఆ పసిపిల్లకు కవి మరియొక సంస్కృతనామము నీయలేదు. జానుతెనుగును ఎన్నుకొన్నవాడు పేరు విషయమున మాత్రము వెనుదీయునా?

ప్రబంధములలోని నాయికల పేర్లు మరియొక లోకము. పింగళి సూరన కళాపూర్ణోదయమున కలభాషిణి, మధురలాలస, అభినవకౌముది, సుగాత్రి అని పేర్లు పెట్టెను. వీనిలో ఒకటైనను పొయ్యికడ కూర్చుండి దోసెలు పోయు ఇల్లాలికి ఉన్నట్లు మనము వినలేదు. వరూధిని మాత్రము ఆలస్యముగా కొన్ని యిండ్లకు వచ్చినది. కారణమును కన్యాశుల్కమున వెదకవచ్చును. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చైన ఆ నాటకమున ఇల్లాండ్ర పేర్లు వెంకమ్మ, బుచ్చమ్మ, చిన్నపిల్ల సుబ్బి, వేశ్య పేరు మధురవాణి. పూటకూళ్ళమ్మకు వృత్తియే గాని పేరే లేదు. మనువు చెప్పిన మనోహరత్వము నాటకమంతటను మధురవాణి పేరుననే మిక్కుటముగా నున్నది. అందుచేతనే ఆ పేరును ఆ కాలపు గృహస్థుడు కూతునకు పెట్టుకొనలేడు. మితిమీరిన అందము కులస్త్రీకి కూడదని లోకము తీర్మానించినది. గురజాడ దీనిని ఎక్కడను వివరింపలేదు. పాత్రలకు పేర్లు పెట్టుటలోనే చూపెను.

దీనికి విపరీతమైన నిదర్శనము నండూరి సుబ్బారావుగారి ఎంకి. వేంకటపతి పేరునుండి వెంకి, పదాదియందలి వకారము లోపింపగా ఎంకి. విస్తరి ఇస్తరి యైనట్లే ఇదియు. 1925లో ఎంకిపాటలు వెలువడిన పిమ్మట వానిని గ్రామ్యమని ఆక్షేపించినవారు ఉండిరి. తలకెత్తుకొన్నవారు అంతకంటె ఎక్కువ. ఎంకి అనగానే చదువుకొన్న తెలుగువాని మనస్సున సౌందర్యము మెదలుట నాటినుండి అలవాటైనది. అయినను ఆ పాటలను పరవశమున పాడుకొన్నవారిలో కూతునకు ఎంకి అని పేరు పెట్టినవారెవరు? పుస్తకమున మెచ్చిన పేరును బడిపట్టీలో వ్రాయించుటకు మన పాఠకుడు సిద్ధపడలేదు. ధ్వనియందే అందమున్నచో ఈ సంకోచమునకు చోటు లేదు.

నిజముగా వికారమైనవని అందరును ఒప్పుకొను పేర్లను ఇప్పుడు తీసికొందము. పెంటమ్మ, పుల్లమ్మ, తవిటమ్మ, బిచ్చమ్మ, పిచ్చమ్మ. తరగతిలో ఈ పేర్లు చదివినపుడు విద్యార్థులు నవ్వుదురు. నవ్వుటకు ముందు వీని పుట్టుకను తెలిసికొనవలెను. పుట్టినబిడ్డలు వరుసగా దక్కకపోయిన తల్లి, తరువాతి బిడ్డను పెంటమీద పరుండబెట్టి, పొరుగామెచేత ఎత్తించి, గుప్పెడు తవుడో నూకలో ఇచ్చి తిరిగి కొనుక్కొనెడిది. పెంటమీద దొరికినది పెంటమ్మ. తవుటికి కొన్నది తవిటమ్మ. ఎంగిలి విస్తళ్ళపై, అనగా పుల్లాకులపై, పొర్లించినది పుల్లమ్మ. ఉత్తరాంధ్రమున తవిటమ్మ, తవిటయ్య అను పేర్లు మిక్కిలి వ్యాప్తమైనవి. పిచ్చమ్మ యందున్నది వెఱ్ఱి కాదని మేము తలతుము. భిక్షయే తమిళమున ‘పిచ్చై’, తెలుగున ‘బిచ్చము’. బిచ్చమెత్తి పెంచిన బిడ్డ యని భావము. తమిళనాటి కుప్పమ్మాళ్, కుప్పుస్వామి అను పేర్లకు మూలమును ఈ ఆచారమే. కుప్పాంబిక పేరున గల కుప్పకును దీనితో చుట్టరికముండవచ్చును. అదే నిజమైన, దండాధీశుని పత్నియైన కవయిత్రి పేరుచాటున ఒక తల్లి భయము దాగియున్నదన్నమాట.

మృత్యువు కంటికి ఈ బిడ్డ పనికిమాలినదిగా కనబడవలెను, అపుడు విడిచిపోవును. ఇదియే ఆ పేర్ల తర్కము. మనువు కోరిన గుణములలో మనోహరత్వము లేదు, మంగళార్థము లేదు. కాని చిట్టచివర ఆయన ఆశీర్వాదమును కోరెను గదా! బిడ్డా, నీవు బ్రదుకుమను ఆశీర్వాదము పెంటమ్మ యందు ఉన్నంతగా చిరంజీవిని యందైనను లేదు. శిశుమరణములు తగ్గినకొలది ఈ పేర్లును తగ్గుట సహజమే. ఆ తగ్గుదలకు మేము సంతసింతుము.

అయితే వికృతనామములన్నియు ఇట్టివి కావు. ఆడుపిల్ల వద్దను విసుగుతో పెట్టిన పేర్లు వేరు. మహారాష్ట్రమున ‘నకుశా’, అనగా అక్కరలేనిది, అను పేరు గల బాలికలు రెండువందలకు పైగా ఉండుట చూచి 2011లో సతారా జిల్లా అధికారులు సభచేసి వారికి క్రొత్తపేర్లు పెట్టిరి. బిడ్డను నిలుపుకొనుటకు పెట్టిన పేరును, బిడ్డను త్రోసిపుచ్చుచు పెట్టిన పేరును ‘అసహ్యనామములు’ అని ఒకే పట్టికలో చేర్చుట శాస్త్రీయము కాదు.

పేర్లలో పెద్దభాగము క్షేత్రములనుండి వచ్చినవి. తిరుమలవలన వెంకమ్మ, మంగమ్మ, సింహాచలమువలన అప్పలనరసమ్మ, కోటప్పకొండవలన కోటమ్మ, యాదగిరివలన యాదమ్మ, కొమురవెల్లివలన కొమురమ్మ, వేములవాడవలన రాజవ్వ. గుంటూరు, రాయలసీమ ప్రాంతముల హిందువులలోనే మస్తానమ్మ, హుస్సేనమ్మ యుండుట దర్గాల మహిమ. క్రైస్తవులు తెచ్చిన సువార్తమ్మ, కృపమ్మ మొదలగునవి మా చెవికి మిక్కిలి ఇంపైనవి. భావవాచకమునకు ‘అమ్మ’ చేర్చి మనిషిని చేసిన నేర్పు వానియందున్నది.

ఓరుగల్లు సమీపమున ఐనవోలు మల్లన్న కలడు. వాడుకలో ఐలోని మల్లన్న. ఐలయ్య, ఐలమ్మ అను పేర్లు అచ్చటివి. పాలకుర్తి ప్రాంతమున విసునూరు దేశముఖును ఎదిరించి తన పంటను నిలుపుకొన్న చాకలి ఐలమ్మ 1985లో కన్నుమూసినది. 2024లో హైదరాబాదు కోఠిలోని మహిళావిశ్వవిద్యాలయమునకు ఆమె పేరు పెట్టబడినది. ‘ఐలాంబ’ యని ఎవరును మార్చలేదు. పట్టములపై ఆ పేరు అచ్చగుచున్నది. నేడది ఎవరి చెవికిని మోటుగా లేదు.

ఇరువదవ శతాబ్దిలో ‘అమ్మ’ వెనుకబడి లక్ష్మి, కుమారి, రాణి ముందుకు వచ్చుటయు, జాతీయోద్యమనాయికల పేర్లయిన సరోజిని, కమల మొదలగునవి వ్యాపించుటయు, అటుపిమ్మట ‘ఇక’, ‘ఇత’ అను తుదులుగల పేర్లు వచ్చుటయు అందరెరిగినవే. వీనిలో కొన్నింటికి నిఘంటువున అర్థము వెదకుట వృథాశ్రమ. అందుకు మాకు పెద్ద చింత లేదు. చింత వేరొకటి కలదు. బడిలో చేర్చునాడు వెంకి పేరును ఉపాధ్యాయుడే వెంకటలక్ష్మిగా దిద్దుట పెక్కు గ్రామములలో జరిగినది. ఆ ఉపాధ్యాయుడు మేలు చేయుచున్నాననియే తలచెను. జానపదగేయములు సేకరించు పరిశోధకులును అట్లే దిద్దినచో పాట పాడినదెవరో, ఆమె ఏ క్షేత్రపు మ్రొక్కుబడి బిడ్డయో, ఏ భయము నడుమ పుట్టినదో తెలుపు ఏకైకసాక్ష్యము చెరిగిపోవును. పాటలోని అరసున్నను, యాసను భద్రముగా వ్రాసికొనువారు పాడిన ఆమె పేరును మాత్రము ఏల సంస్కరింపవలెను?

తెలుగు స్త్రీనామములలో మాకు అందమైనది ఏదని ఎవరైన అడిగినచో మొల్ల యని చెప్పుదుము. రెండే అక్షరములు, నడుమ ద్విత్వలకారము, అర్థమొక పువ్వు, మల్లెజాతిది. ‘అమ్మ’ లేదు, ‘అంబ’ లేదు. కొందరు ఆమె పేరును కూడ మొల్లమాంబ యని వ్రాయుచున్నారు. ఆమె కావ్యము మాత్రము లోకమున మొల్లరామాయణము.