వకాల్తా పుచ్చుకొన్నవారు

చిత్తూరు కోర్టు ఆవరణమునకు వాయిదాకై వచ్చిన పల్లెటూరి కక్షిదారు తన పక్షమున వాదించువానిని ‘ప్లీడరుగారూ’ యని పిలుచును; వెంటవచ్చిన చదువరి కుమారుడు ‘లాయరు’ అనును; గుడియాత్తము దారిని వచ్చిన తమిళుడు ‘వక్కీల్’ అనును; పత్రికలు ‘న్యాయవాది’ యని వ్రాయును; ఇంటిముందరి పేరుపలక మాత్రము ‘అడ్వకేటు’ అని చెప్పుకొనును. ఒక్క మనిషికి ఇన్ని పేర్లేల యని విచారించినచో, కొన్నిటిని ప్రభుత్వములును కొన్నిటిని జనులును తగిలించిరని తేలును.

వీనిలో ప్రాచీనమైనది వకీలు. అరబ్బీనుండి పారసీక దర్బారుల మీదుగా వచ్చిన యీ మాటకు ఒకరి పక్షమున నిలుచువాడని అర్థము. ప్రభువుల తరఫున పరాయి కొలువులో మాటలాడు రాయబారియు వకీలే. ఆర్కాటు నవాబుల యేలుబడిలో నుండిన చిత్తూరు సీమకు ఆ పలుకు క్రొత్తది కాదు. కుంఫిణీవారు 1802లో పదవ రెగ్యులేషనును, 1816లో పదునాలుగవదానిని చేసి, అదాలతులలో వాదించు దేశీయులకు సన్నదులిచ్చు పద్ధతి నేర్పరచినప్పుడు, ఆ రాయబారి పేరే వారికిని సంక్రమించినది.

మదరాసు పట్టణమున సుప్రీం కోర్టు బారిస్టర్లదిగాను, మొఫస్సలు అదాలతులు వకీళ్ళవిగాను సాగుచుండగా, 1862లో హైకోర్టు వెలసి యీ రెండు తెగలను ఒక్క కప్పు క్రిందికి తెచ్చెనేకాని సమానులను చేయలేదు. క్రింది కోర్టులలో మరల ఫస్టుగ్రేడు, సెకండుగ్రేడు ప్లీడర్లు! రాజమహేంద్రవరమున సెకండుగ్రేడు ప్లీడరుగా పేరును ధనమును గడించిన టంగుటూరి ప్రకాశము, ఆ పట్టాతో హైకోర్టున వాదించు అర్హత లేకపోవుటచేతనే 1904లో ఇంగ్లండునకు పోయి బారిస్టరై తిరిగివచ్చెను. సామర్థ్యమును సముద్రయానముతో కొలిచిన యీ యేర్పాటు నాకెన్నడును న్యాయమని తోచలేదు.

వకీలను పేరుతోనే గౌరవము గడించినవారు లేకపోలేదు. చిత్తూరును ఆనుకొనియున్న కట్టమంచిలో 1843లో జన్మించిన పనప్పాకము ఆనందాచార్యులు 1869లో మదరాసు హైకోర్టున ప్రవేశించి, 1885లో బొంబాయిలో జరిగిన తొలి కాంగ్రెసు సభకు ప్రతినిధిగా పోయి, 1891 నాగపూరు సభకు అధ్యక్షుడయ్యెను. కట్టమంచి యనగానే రామలింగారెడ్డిగారిని తలచు మనము, ఆయనకు ముందుతరమువాడైన యీ వకీలును మరచుట యుచితము కాదు.

1926 బార్ కౌన్సిళ్ళ శాసనము హైకోర్టు వకీళ్ళను అడ్వకేట్లలో కలిపివేసెను. 1961 శాసనము తక్కిన తెగలనన్నిటిని ఒక్కటి చేసెను. వకీలు పోయెను, వకాల్తా పోలేదు. బారిస్టరు పూర్వము ఏ యధికారపత్రమును చూపకయే లేచి వాదింపగలిగెడివాడు. వకీలునకో, కక్షిదారు చేవ్రాలులేనిదే నోరు లేదు.

కక్షిదారు వకీలునకు అధికారమిచ్చు ఆ వకాల్తా కాగితమును దగ్గరగా చూడదగును. ఆంగ్లమున అచ్చైన నమూనాలో వాది ప్రతివాదుల పేర్లు నింపి, గుమాస్తా స్టాంపంటించును. కక్షిదారు నిరక్షరాస్యుడైనచో ఎడమచేతి బొటనవ్రేలిని సిరామెత్తపై అద్దించి ముద్ర వేయించును. అటుపై, ఇందలి సంగతులన్నియు తెలుగున చదివి వినిపించి వివరింపబడినవనియు, అతడు వానిని చక్కగా గ్రహించెననియు దాని క్రిందనే ధ్రువీకరణము. ఎంతమందికి నిజముగా చదివి వినిపింతురో గుమాస్తాలకే యెరుక. చివరకు న్యాయవాది తన యంగీకారమును వ్రాసి సంతకము చేయును. పిలువని పేరంటముగా ఇతరుల తగవులో తల దూర్చినవానిని ‘వానికి నీవు వకాల్తా పుచ్చుకొంటివా?’ యని మనవారు నిలదీయుటకు మూలమీ కాగితమే.

కోర్టు వాకిట చెట్టునీడనే బేరమాడి కేసులు పట్టువానికి జనులే పెట్టిన బిరుదు ‘చెట్టుకింద ప్లీడరు’. ఎగతాళియే కాని, మునసబు కోర్టునకు క్రొత్తగా వచ్చి దిక్కుతోచక నిలుచున్న రైతునకు మొదట ఎదురైన ఆసరా తరచుగా వాడే యనునదియు మరువరాదు.

ఇక చిత్తూరు కోర్టునకే మరలివచ్చినచో, తిరుచానూరున 1891లో పుట్టిన మాడభూషి అనంతశయనము అయ్యంగారు 1915 మొదలు 1950 వరకు చిత్తూరున వృత్తి సాగించిరి. గాంధీగారి పిలుపున 1921-22లో మాత్రము కోర్టును విడిచిరి. ఆయన వృత్తిలో నుండగనే వకీలు, అడ్వకేటు భేదము మాసినది. 1956లో లోక్‌సభాపతి పీఠమెక్కిన పిదప వారు ఏ పక్షమునకును వకాల్తా పుచ్చుకొనరాదయ్యెను.