కెర్స్నీ తేయాకు తోటలో తెలుగు ప్రార్థన

నేటాల్‌కు కూలీలుగా వచ్చిన మన పూర్వులను గురించి వ్రాసేటప్పుడు, వారిలో క్రైస్తవులైన తెలుగువారి సంగతి సాధారణంగా ఒక్క వాక్యంతో ముగుస్తుంది: కరవులో అన్నం కోసం మతం పుచ్చుకొన్నవారు, అని. ఈ మాట ఎదుట అన్నవారు తక్కువ, చాటున అన్నవారు ఎక్కువ. క్రైస్తవ కుటుంబాలలో పుట్టిన మన పిల్లలు కూడ దీనిని విని తల వంచుకొన్న సందర్భాలు లేకపోలేదు. కనుక ఈ మాటను ఒకసారి నెమ్మదిగా పరిశీలించడం మంచిది. అన్నమే కారణమైతే, అన్నం పెట్టే దొర లేని చోట, మతం వల్ల దమ్మిడీ లాభం లేని చోట ఆ విశ్వాసం ఏమై ఉండాలి? ఈ ప్రశ్నకు జవాబు సగం ఒంగోలులో ఉన్నది. మిగిలిన సగం మన దేశంలోనే, నేడు క్వాదుకూజా అని పిలువబడే స్టాంగర్ దగ్గర, కెర్స్నీ ఎస్టేటులో ఉన్నది.

ఒంగోలు కరవు

అమెరికన్ బాప్టిస్టు మిషనువారు తెలుగువారి మధ్య 1836లో పని ప్రారంభించి 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఎన్నో ఏండ్లు గడచినా చేరినవారి సంఖ్య బహు స్వల్పం. ఖర్చే గాని ఫలితం లేదు, ఈ మిషనును మూసివేద్దామా అని అమెరికాలోని పెద్దలు 1853లో చర్చించుకొన్నారు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు మనుష్యులు ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక బోధకుని పంపమని ప్రార్థించారు. వారిలో ముగ్గురు తెలుగువారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు.

1866లో జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. అదే సంవత్సరం తాళ్ళకొండపాడు వాస్తవ్యుడైన యెర్రగుంట్ల పేరయ్య, అతని భార్య బాప్తిస్మం పొందారు. పేరయ్య మాదిగ, తోళ్ళ వ్యాపారి. అంతకుముందే గురువుల దగ్గర యోగమార్గం తెలిసికొని, రూపం లేని దేవుని వెదకినవాడు. అప్పటికి కరవు ఊసు లేదు. పల్లె పల్లెకు నడచి ఈ వార్త చెప్పినవాడు దొర కంటె ముందు పేరయ్యే.

తరువాత పదేండ్లకు, 1876 నుండి 1878 వరకు, దక్షిణదేశాన్ని మహాకరవు పట్టి పీడించింది. బకింగ్‌హాం కాలువ త్రవ్వకం ప్రభుత్వం ఆ రోజులలో కరవు పనిగా చేయించింది. యౌవనంలో భూముల సర్వే నేర్చిన క్లౌ, మూడు మైళ్ళకు పైగా కాలువ త్రవ్వే కాంట్రాక్టు తీసికొని కరవు బాధితులకు పని కల్పించాడు. ఆయన దగ్గరి తెలుగు బోధకులే మేస్త్రీలు. పలుగు పార దించి జనం కూర్చున్న వేళ, మత్తయి సువార్త 11వ అధ్యాయంలో బరువులు మోసేవారికి విశ్రాంతినిస్తానని క్రీస్తు పిలిచిన సంగతి ఈ బోధకులు చెప్పేవారు. తట్ట దించి కూర్చున్నవానికి ఆ మాట వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమై ఉంటుంది.

ఇక్కడ గమనింపవలసిన విషయం ఒకటున్నది. సహాయం పంచుతున్నంత కాలం, సుమారు పదిహేను నెలలు, క్లౌ ఒక్కరికి కూడ బాప్తిస్మం ఇవ్వనీయలేదు. అన్నం కోసం వచ్చారనే మాట పడుతుందని ఆయనకూ తెలుసు. 1878 జూన్‌లో సహాయపు డబ్బు అయిపోయినదనీ, ఇక పంచేది ఏమీ లేదనీ చెప్పిన తరువాత కూడ జనం వెనుకకు పోలేదు. తాము సహాయం కోరి రాలేదని వారు బదులు చెప్పారు. ఆ జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు వంతులు మార్చుకొంటూ, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు.

కరవుకూ ఈ మార్పుకూ ఏ సంబంధమూ లేదని చెప్పడం కూడ సత్యం కాదు. ఊరి బావిలో నీరు తోడుకొనే హక్కు లేనివారిని కరవు ముందుగా చంపుతుంది. ఆ సమయంలో తమ కులంవాడే అయిన బోధకుడు తమ పక్కన కూర్చొని, పేరు పెట్టి పిలిచి, నీవు కూడ దేవునికి కావలసినవాడవే అని చెప్పడం చిన్న సంగతి కాదు. కడుపు ఆకలితో పాటు ఆ ఆకలి కూడ తీరింది. అయితే కడుపు కోసమే వచ్చారా అన్న ప్రశ్నకు ఒంగోలులో తుది జవాబు దొరకదు. ఎందుకంటే దొర అక్కడే ఉన్నాడు, మిషను బంగళా, బడి అక్కడే ఉన్నాయి. ఆ మూడూ లేని చోటికి పోయి చూడాలి.

ఓడ దిగిన తరువాత

మద్రాసు నుండి మొదటి ఓడ ట్రూరో, 1860 నవంబరు 16న 342 మందితో డర్బన్ చేరింది. 1911లో కూలీల రవాణా ఆగిపోయేనాటికి వచ్చినవారు మొత్తం 1,52,184 మంది. గంజాం, విశాఖపట్నం, గోదావరి, నెల్లూరు, ఉత్తర ఆర్కాడు జిల్లాల తెలుగువారు వీరిలో ఎందరో ఉన్నారు. ఓడ పట్టీలలో ప్రతి మనిషికీ పేరు, తండ్రి పేరు, వయస్సు, గ్రామం, ఒంటి మీది గుర్తులు, కులం వ్రాసేవారు. కులం గడిలో కొందరికి మాత్రం క్రిస్టియన్ అని కనబడుతుంది. వారు చాలా కొద్దిమంది.

గిర్మిటు ఐదేండ్లు. మొదటి సంవత్సరం నెలకు పది షిల్లింగులు, ఆ పైన ఏడాదికొక షిల్లింగు పెంపు. చీటీ లేనిదే ఎస్టేటు దాటరాదు. కూలీ ఏ మతంవాడైనా ఈ చట్టంలో మార్పు లేదు. క్రైస్తవుడని పని తగ్గలేదు, రేషను పెరగలేదు, చీటీ అవసరం తప్పలేదు. కెర్స్నీ యజమాని లీజ్ హ్యూలెట్ మెథడిస్టు క్రైస్తవుడు, నేటాల్ శాసనసభ్యుడు కూడ. ఆయనా, ఆయన తోటలో ఆకు కోసే నెల్లూరు మనిషీ ఆదివారం ఒకే దేవుని పేరు తలచేవారు. సోమవారం మాత్రం ఒకరు దొర, ఒకరు కూలీ.

గిర్మిటు ముగిసినా కష్టం తీరలేదు. 1895 చట్టం ప్రకారం, మరల గిర్మిటు చేయక, స్వదేశం పోక, ఇక్కడే ఉండదలచినవాడు ఏటా మూడు పౌనులు పన్ను కట్టాలి. మూడు పౌనులంటే అరువది షిల్లింగులు. నెలకు పది షిల్లింగుల లెక్కన ఆరు నెలల జీతం. 1903లో ఈ పన్ను పదహారేండ్లు దాటిన మగపిల్లలకూ, పదమూడేండ్లు దాటిన ఆడపిల్లలకూ వర్తింపజేశారు. ఒక ఇంటిలో తల్లి, తండ్రి, ఎదిగిన ఇద్దరు పిల్లలు ఉంటే ఏడాదికి పన్నెండు పౌనులు. ఇది కట్టలేకనే ఎందరో మరల గిర్మిటు వ్రాసియిచ్చారు.

మతంవల్ల లోకరీత్యా లాభం ఏమీ లేని ఇటువంటి చోట, కెర్స్నీ తెలుగు క్రైస్తవులు తమ విశ్వాసాన్ని వదలుకొని ఉంటే అడిగేవారు లేరు. వదలుకోలేదు సరికదా, తమకు తమ భాషలో వాక్యం చెప్పే కాపరి కావాలని స్వదేశపు సంఘాలకు కబురు పెట్టుకొన్నారు. నేటాల్‌లో అప్పటికే వేరే మిషనులు లేకపోలేదు. 1862లో వచ్చిన మెథడిస్టు మిషనరీ రాల్ఫ్ స్టాట్ సింహళంలో పనిచేసి తమిళం నేర్చినవాడు. ఐనా మనవారు తెలుగువానినే కోరారు. బజారు పనికి ఏ భాషైనా సరిపోవచ్చును గాని, బిడ్డ చనిపోయిన రాత్రి చేసే ప్రార్థనకు తల్లి భాషే కావాలి.

రంగయ్యగారి రాక

ఆ పిలుపు విన్నవారు అమెరికా దొరలు కారు. తెలుగు బాప్టిస్టులు తమలో తాము ఏర్పరచుకొన్న స్వదేశ సువార్త సంఘంవారు, నెల్లూరు ప్రాంతంవాడైన జాన్ రంగయ్యగారిని ఆయన భార్య కనకమ్మగారితో సహా నేటాల్‌కు పంపించారు. పాతికేండ్ల క్రిందట కరవుతో కాలువ గట్టున కూర్చున్న జనం, ఇప్పుడు సముద్రానికి ఆవల ఉన్న తమవారికి కాపరిని పంపగలవారైనారు. అన్నం కోసం వచ్చారన్న నిందకు ఇంతకంటె మంచి సమాధానం మరొకటి నాకు కనబడలేదు.

రంగయ్యగారు 1903 జూన్‌లో డర్బన్ చేరారు. పిల్లల మీద పన్ను వేసిన సంవత్సరం అదే. ఆ డిసెంబరు 27న, క్రిస్మసు వెళ్ళిన రెండవనాడు, కెర్స్నీలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. వచ్చిన ఆరు నెలలకే సంఘం కట్టగలిగారంటే, విశ్వాసులు అక్కడ ముందే ఉన్నారన్నమాట. ఆయన నిప్పు వెలిగించలేదు, నివురు ఊదాడు. అక్కడినుండి ఈ పని ఉత్తర తీరపు చెరకు ఎస్టేటులకూ, డర్బన్‌కూ వ్యాపించింది. రంగయ్యగారు 1915లో ఈ గడ్డమీదనే కన్నుమూశారు. ఆయన స్థాపించిన సంఘం ఆయనతో పోలేదు.

సంతోషం దేనికి?

ఇంత కష్టంలో సంతోషం అనే మాట వాడటం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చును. బాధను కప్పిపుచ్చి కూలీని లొంగదీసే మందు ఈ భక్తి అనేవారు కూడ ఉన్నారు. వారి మాటను తోసివేయరాదు. మూడు పౌనుల పన్నును రద్దు చేయించినది ప్రార్థన ఒక్కటే కాదు. 1913లో గనులలో, చెరకు తోటలలో మన కూలీలు చేసిన సమ్మె. మౌంట్ ఎడ్జ్‌కోంబ్‌లో తుపాకి గుండ్లకు ప్రాణాలిచ్చినవారి త్యాగం దాని వెనుక ఉన్నది. 1914 చట్టంతో ఆ పన్ను పోయింది.

అయితే 1903లో కెర్స్నీలో కూడినవారికి ఆ పన్ను పోతుందని తెలియదు. తమ కాలంలో ఏదైనా మారుతుందనే హామీ వారికెవ్వరూ ఇవ్వలేదు. కాబట్టి వారి సంతోషం కష్టం తీరినందువల్ల వచ్చినది కాదు. ఆరు రోజులు సర్దారు పిలుపుకు లేచి, ఎస్టేటు పుస్తకంలో ఒక నంబరుగా బ్రతికిన మనిషి, ఏడవ రోజున సోదరుడని, సోదరి అని పిలువబడేవాడు. వారం పొడుగునా ఆజ్ఞలు విన్న చెవి ఆ ఒక్క పూట పాట వినేది. నమ్మకమంటే వారికి రేపు బాగుంటుందనే ఆశ మాత్రమే కాదు. ఈ రోజు తమను చూచేవాడొకడున్నాడనే ధైర్యం. ఆ ధైర్యం ఉన్నవాడు సమ్మెకు పోరాదని ఎక్కడా లేదు.

ఆ పాటల సంగతి కూడ చెప్పుకోవాలి. పురుషోత్తమ చౌదరి (1803–1890) మొదలైన కవులు తెలుగు క్రైస్తవ కీర్తనలను మన రాగాలలో, మన తాళాలలో కట్టారు. ఒకరు పల్లవి ఎత్తుకొంటే మిగిలినవారు అందుకొంటారు. చదువు రానివాడు కూడ నాలుగు వారాలలో నేర్చుకొంటాడు. పుస్తకం తెచ్చుకోలేనివాడు కంఠంలో తెచ్చుకొంటాడు. ఓడలో తనిఖీ చేసి తీసివేయలేని సామాను అది. పక్క లైనులో రామభజన చేసే తెలుగువారికి ఆ తాళం క్రొత్త కాదు. దేవుని పేరు వేరైనా పాడే పద్ధతి ఒక్కటే. ఈ దేశంలో తెలుగు మాట బ్రతికి ఉన్నదంటే భజన మందిరానికి ఎంత ఋణపడి ఉన్నామో, ఈ ప్రార్థన కూటాలకూ అంతే ఋణపడి ఉన్నాము.

1911 తరువాత కూలీల రాక ఆగిపోయేసరికి నేటాల్ తేయాకు సాగు క్షీణించి, ఆ భూములలో చెరకు లేచింది. మనవారు పట్టణాల దారి పట్టారు. 1950 నాటి గ్రూప్ ఏరియాస్ చట్టం వారిని మరొకసారి పెకలించి చాట్స్‌వర్త్‌కూ, ఫీనిక్స్‌కూ తోలింది. ప్రతిసారీ మొదట లేచినవి మన ఇండ్లు; ఆ వెనువెంటనే గుడులు, ప్రార్థన మందిరాలు. కష్టం వచ్చినప్పుడు కూడుకోవడం వారికి కెర్స్నీ నాటి నుండి అలవాటు.

నేడు మన ప్రార్థన మందిరాలలో ఆరాధన ఎక్కువగా ఇంగ్లీషులో జరుగుతున్నది. దానికి ఎవరినీ తప్పుపట్టలేము. పిల్లలకు అర్థం కావాలి గదా. కాని పాఠకులలో ఎవరి ఇంటిలోనైనా అట్టలు ఊడిన పాత తెలుగు కీర్తనల పుస్తకం ఉంటే, దానిని పారవేయకండి. అవ్వలకు, తాతలకు ఆ రాగాలు ఇంకా జ్ఞాపకం ఉంటే, పక్కన కూర్చొని పాడించుకొని టేపు చేసి ఉంచండి. మీరు క్రైస్తవులు కాకపోయినా ఈ పని చేయండి. అన్నం కోసం మతం పుచ్చుకొన్నారన్న మాట మరల వినబడినప్పుడు, ఏ అన్నమూ లేని చోట ఆ జనం ఏమి పాడుకొన్నారో మన పిల్లలు వినిపించగలగాలి.