కెమెరాకు ధర కట్టినవాళ్ళు

సినిమా కెమెరా ఖరీదెంత అని ఒకప్పుడు ఎవరైనా అడిగితే మా యూనిట్‌లో జవాబు చెప్పగలిగినవాడు లేడు. అద్దె ఎంతంటే మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. కాల్షీటుకు ఇంత, లెన్సుల సెట్టుకు ఇంత, జూమ్ అయితే వేరే లెక్క, పెట్టెల వెంట వెళ్ళే అటెండెంట్ బేటా మరొక లెక్క. హైదరాబాద్‌లో ఒక ఔట్‌డోర్ యూనిట్ కెమెరా గదిలో నేను పని నేర్చుకున్నాను. అక్కడి ఆరి టూసీ కెమెరాకు నాకన్నా వయసెక్కువ. దాని ఖరీదు ఎప్పుడో రాబట్టుకున్నారు, ఆ తర్వాత వచ్చిందంతా లాభమే. ఫిల్ము కెమెరా అలాంటిది. బొమ్మ నాణ్యత పెరగాలంటే కోడక్ వాడు కొత్త ఫిల్ము తెస్తే చాలు, కెమెరా మార్చనక్కర్లేదు.

హాలీవుడ్‌లోనూ అద్దె రాజ్యమే. పానావిజన్ సంస్థ తన కెమెరాలను అమ్మకుండా అద్దెకే ఇస్తూ పెద్దదైంది. డిజిటల్ వచ్చాక కూడా మొదట్లో ఈ పద్ధతి మారలేదు. 2000లో సోనీ తెచ్చిన ఎఫ్900తో జార్జ్ లూకాస్ ‘స్టార్ వార్స్’ రెండో ఎపిసోడ్ తీసి 2002లో విడుదల చేశాడు. ఆ కెమెరా ఖరీదు లక్ష డాలర్ల స్థాయిలో ఉండేది. లోపల పట్టకం, దాని వెనక మూడు చిన్న సెన్సర్లు, పక్కన టేపు తిప్పే యంత్రాంగం. అంత సున్నితమైన యంత్రాంగాన్ని చేతికి అందే ధరలో చెయ్యడం ఎవరి తరం? తర్వాత 35 ఎంఎం ఫ్రేముకు సరిపడే పెద్ద సెన్సర్‌తో పానావిజన్ జెనెసిస్, ఆరి డి-20 వచ్చాయి. రెండూ అద్దెకే దొరికేవి. ఫిల్ము పోతోంది గానీ దుకాణానికి వెళ్ళి కెమెరా కొనుక్కునే రోజు మాత్రం రావడం లేదు.

ఆ రోజు 2006 ఏప్రిల్‌లో వచ్చింది. లాస్ వేగాస్‌లో ఏటా జరిగే ఎన్‌ఏబీ ప్రదర్శనలో జిమ్ జన్నార్డ్ అనే ఆయన రెడ్ వన్ కెమెరాను ప్రకటించాడు. ఆయన సినిమా పరికరాల మనిషి కాడు, ఓక్లీ చలువకళ్ళద్దాల కంపెనీ పెట్టి సంపాదించినవాడు. పనిచేసే కెమెరా ఇంకా తయారు కాలేదు. ధర మాత్రం పదిమంది ముందు పెట్టాడు: బాడీ 17,500 డాలర్లు, అప్పటి లెక్కన సుమారు ఎనిమిది లక్షల రూపాయలు. 35 ఎంఎం సైజు సెన్సర్, 4కె బొమ్మ. వెయ్యి డాలర్లు కడితే వరసలో మీ నంబరు మీది, వద్దనుకుంటే డబ్బు వాపసు. నమ్మి కట్టినవాళ్ళకు మొదటి కెమెరాలు 2007 ఆగస్టు చివర్లో అందాయి. స్టీవెన్ సోడర్‌బర్గ్ ఎక్కువగా దానితో తీసిన ‘చే’ సినిమా మరుసటి ఏడు విడుదలైంది.

జన్నార్డ్ అంత తక్కువకు ఎలా ఇవ్వగలిగాడు? మూడు సెన్సర్లు, పట్టకం తీసేసి ఒకే సెన్సర్ పెట్టాడు. టేపు యంత్రాంగాన్ని మొత్తం ఎత్తేసి కంప్యూటర్ల బజారులో దొరికే కార్డులు, హార్డ్ డిస్కుల మీదికి రికార్డింగ్ మార్చాడు. సెన్సర్ ఇచ్చిన సమాచారాన్ని కుదించి దాచుకుని, రంగులు తేల్చే బరువైన పనిని షూటింగ్ తర్వాత కంప్యూటర్‌కు వదిలేశాడు. డీలర్లు లేకుండా నేరుగా అమ్మాడు. కొన్ని సదుపాయాలు పూర్తికాకుండానే కెమెరా పంపి, సాఫ్ట్‌వేర్‌తో తర్వాత కలిపాడు. అంటే తయారీదారు మోయవలసిన భారంలో కొంత కొన్నవాళ్ళు మోశారు. పైగా 17,500 అన్నది ఒట్టి బాడీ ధరే. లెన్సు, వ్యూఫైండర్, బ్యాటరీలు, కార్డులు అమర్చుకునేసరికి బిల్లు ఎక్కడికో పోయేది. అయినా ధర తెలిశాక మనిషి అప్పు ఎంత చెయ్యాలో లెక్కేసుకోగలడు. అద్దె మాత్రమే తెలిసినప్పుడు ఆ లెక్కకే దారి లేదు.

తయారీ ఖర్చు ఎక్కడ దాగి ఉంటుందో నాకు అర్థమైంది రెడ్ కంపెనీ తర్వాత తెచ్చిన ఎపిక్ కెమెరాకు బ్లాక్ షేడింగ్ చేస్తున్నప్పుడు. లెన్సు తీసి, బాడీ మూతి టోపీతో గట్టిగా మూస్తాం. సందులోంచి వెలుతురు పోకుండా పైన నల్లగుడ్డ కప్పుతాం. కెమెరా షూటింగ్ వేడికి వచ్చేదాకా ఆగి మెనూలో క్యాలిబ్రేట్ నొక్కుతాం. అప్పుడది చీకటినే ఫ్రేము తర్వాత ఫ్రేముగా చదువుకుంటుంది. చీకట్లో ప్రతి పిక్సెల్ సున్నా చూపించాలి. చూపించదు. ఒకటి కాస్త ఎక్కువ, పక్కది కాస్త తక్కువ. ఏ పిక్సెల్ ఎంత తప్పుతోందో రాసుకుని షూటింగులో ఆ మేరకు తీసేస్తుంది. ఒకే నమూనాలో తయారైన రెండు సెన్సర్లు కూడా అచ్చంగా ఒకేలా ఉండవు. ప్రతిదాన్నీ విడిగా పరీక్షించాలి, సరిదిద్దాలి, పనికిరానిదాన్ని పక్కన పడెయ్యాలి. ఆ పక్కన పడేసినవాటి ఖరీదు కూడా మన బిల్లులోనే ఉంటుంది.

ఆ ఖరీదు ఒక గొప్ప కంపెనీనే ముంచింది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో జాన్ పియర్ బోవియాలా నడిపిన ఆటన్ ఫిల్ము కెమెరాలు భుజం మీద పిల్లిలా కూర్చునేవని పేరు. ఆయన డిజిటల్ కెమెరా పెనెలోప్ డెల్టా మీద ఏళ్ళతరబడి పని చేశాడు. బయటి నుంచి తెచ్చుకున్న సెన్సర్ నమూనాలు అద్భుతంగా పనిచేశాయి, ఉత్పత్తికి వచ్చినవి ఆ స్థాయిలో నిలబడలేదు. అన్ని చిప్పులు పారేసి మళ్ళీ చేయించుకునే సత్తా చిన్న కంపెనీకి ఎక్కడిది? 2013లో ఆటన్ దివాలా తీసి చేతులు మారింది. ఈ కథ చెప్పుకునేవాళ్ళు తక్కువ. గెలిచిన కెమెరాల ధరలు గుర్తుపెట్టుకునే మనం, ఆ ధర కోసం ఓడినవాళ్ళనూ గుర్తుపెట్టుకోవాలి.

మ్యూనిక్‌లో 1917 నుంచి ఉన్న ఆరి ఈ పోటీలో వేరే దారి పట్టింది. 2010లో అలెక్సాను 50,000 యూరోల స్థాయిలో అమ్మకానికే పెట్టింది. పిక్సెళ్ళు రెడ్ కంటే తక్కువ, కానీ పెద్దవి. ప్రతి పిక్సెల్‌నూ ఒకేసారి రెండు స్థాయుల్లో చదివి వెలుగునూ నీడనూ దక్కించుకుంటుంది. కార్డు తీసి నేరుగా ఎడిటింగ్‌కు ఇచ్చెయ్యొచ్చు. ‘బాహుబలి’కి సెంథిల్ కుమార్ వాడింది ఆ వంశంలోని అలెక్సా ఎక్స్‌టీనే. చవకగా ఉంటేనే అమ్ముడుపోతుందన్న మాటను అలెక్సా వమ్ము చేసింది. సెట్‌లో వందమంది నిలబడి ఉన్నప్పుడు నమ్మకమే చవకని నిర్మాతలకు తెలుసు.

మరోవైపు ధర పడిపోతూనే ఉంది. 2011లో రామ్‌గోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ను స్టిల్ కెమెరా కేనన్ 5డీతో ఐదు రోజుల్లో తీశాడు. 2012లో ఆస్ట్రేలియా కంపెనీ బ్లాక్‌మ్యాజిక్ తన తొలి సినిమా కెమెరాకు 2,995 డాలర్ల ధర పెట్టి, రంగులు దిద్దే సాఫ్ట్‌వేర్ కూడా కలిపి ఇచ్చింది. సెన్సర్ మీది గాజులో మరకలు వచ్చి నెలల తరబడి డెలివరీలు ఆగాయి గానీ ధర మాత్రం పెరగలేదు. అదే ఏడాది రెడ్ కూడా ఎపిక్ బాడీ ధరను దాదాపు సగానికి తగ్గించింది. అంతకు కొద్ది నెలల ముందే కొన్నవాళ్ళ బాధ ఎవరైనా ఊహించుకోవచ్చు. 2024లో రెడ్‌ను నికాన్ కొనేసింది. లక్షల్లో కెమెరాలు తయారుచేసే ఫ్యాక్టరీ చేతికి వందల్లో, వేలల్లో అమ్ముకునే కంపెనీ వెళ్ళడం ఈ కథకు సహజమైన మలుపు. డిజైన్ ఖర్చును ఎన్ని కెమెరాల మీద పంచగలమన్నదే చివరికి ధర.

నా మటుకు నాకు ఈ చరిత్రలో పెద్ద సంగతి 4కె కాదు, ధరను దాచకుండా చెప్పడం. అద్దె ఇచ్చే మాలాంటివాళ్ళకు దానివల్ల నష్టమే జరిగింది. టూసీలా ముప్పయ్యేళ్ళు సంపాదించి పెట్టే కెమెరా ఇక రాదు, కొన్న రెండేళ్ళలో ఖర్చు రాకపోతే పోయినట్టే. అయినా ఇది మంచికే జరిగిందంటాను. ఒకప్పుడు మా గది తలుపు తట్టాలంటే నిర్మాత ఉత్తరమైనా ఉండాలి, తెలిసినవాళ్ళ సిఫార్సయినా ఉండాలి. ఇప్పుడు ఏ ఊళ్ళో కుర్రాడైనా నలుగురు స్నేహితులతో చందా వేసుకుని కెమెరా కొనుక్కోగలడు. వాడు ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు.