ఒక యజమాని, రెండు శ్రమ వ్యవస్థలు: డెమెరారాలో గ్లాడ్‌స్టన్ చెరకు తోటలు

గయానా రాజధాని జార్జిటౌన్‌కు ఎదురుగా, డెమెరారా నది పడమటి గట్టున వ్రీడ్-ఎన్-హోప్ అనే ఊరుంది. పందొమ్మిదో శతాబ్ది తొలి భాగంలో అది లివర్‌పూల్ వర్తకుడు జాన్ గ్లాడ్‌స్టన్‌కు చెందిన చెరకు తోట. బానిసత్వ రద్దుతో తోటల చరిత్రలో ఒక యుగం ముగిసిందనీ, ఒప్పంద కూలీల రాకతో వేరొకటి మొదలైందనీ చెప్పడం పరిపాటి. యజమాని వైపు నుంచి పరిశీలిస్తే ఈ విభజన నిలవదు. రెండు వ్యవస్థల వెనుకా ఉన్నది ఒకే పెట్టుబడి అని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

బానిసల కాలం

గ్లాడ్‌స్టన్ 1764లో స్కాట్లండ్‌లోని లీత్‌లో పుట్టాడు. ధాన్యం వ్యాపారంలో గడించి డెమెరారాలో ముందు ‘సక్సెస్’ తోటను, తరువాత వ్రీడ్-ఎన్-హోప్‌ను, మరికొన్నిటిని సంపాదించాడు. ఆ గడ్డమీద అతడు ఎన్నడూ కాలు పెట్టలేదు. మేనేజర్లు పని చేయించేవారు, లాభం లివర్‌పూల్ చేరేది.

1823 ఆగస్టులో డెమెరారా బానిసల తిరుగుబాటు ఈ సక్సెస్ తోటలోనే మొదలైంది. దాన్ని నడిపిన జాక్ గ్లాడ్‌స్టన్, అతని తండ్రి క్వామినా ఆ తోట బానిసలే. జాక్ పేరు చివర ఉన్నది యజమాని ఇంటిపేరు. క్వామినాను కాల్చి చంపి, శవాన్ని తోట ఎదుట వేలాడదీశారు. జాక్‌ను సెయింట్ లూసియాకు పంపేశారు. పదేళ్ల తరువాత వ్రీడ్-ఎన్-హోప్‌లో బానిసల మరణాలపై బ్రిటిష్ పార్లమెంటులో ఆరోపణ వచ్చినప్పుడు, యజమాని కొడుకు విలియం ఎవర్ట్ గ్లాడ్‌స్టన్ లేచి తండ్రి తోటను సమర్థించాడు. తరువాత నాలుగుసార్లు ప్రధాని అయినది ఈయనే.

పరిహారం నుంచి ఒప్పందానికి

1833 రద్దు చట్టం ప్రకారం 2 కోట్ల పౌండ్ల పరిహారం యజమానులకు దక్కింది. విముక్తులైనవారికి చిల్లిగవ్వ రాలేదు. జాన్ గ్లాడ్‌స్టన్‌కు 2,508 మంది బానిసల లెక్కన ముట్టిన సొమ్ము 1,06,769 పౌండ్లు. పైగా విముక్తులు ‘అప్రెంటిస్‌’ల పేరుతో పాత యజమానుల దగ్గరే పనిచేయాల్సి వచ్చింది. ఆ గడువు 1838 ఆగస్టు 1న ముగిసింది.

గ్లాడ్‌స్టన్ ఆ రోజు కోసం ఎదురుచూస్తూ కూర్చోలేదు. 1836 జనవరి 4న కలకత్తాలోని గిలాండర్స్ ఆర్బత్‌నాట్ కంపెనీకి లేఖ రాసి కూలీలను పంపమన్నాడు. అప్పటికే మారిషస్‌కు మనుషులను పంపుతున్న ఆ కంపెనీ సరేనంది. 1838 మే 5న విట్‌బీ, హెస్పరస్ ఓడలు గయానా చేరాయి. దారిలో చనిపోయినవారు పోగా 396 మంది దిగారు. వారిలో చాలామంది ఛోటానాగపూర్ కొండజాతులవారు. పాత కట్టు తెగడానికి మూడు నెలల ముందే కొత్త కట్టు సిద్ధమైందన్నమాట.

1839లో బానిసత్వ వ్యతిరేక సంఘం తరఫున జాన్ స్కోబుల్ తోటలకు వెళ్లి చూశాడు. వ్రీడ్-ఎన్-హోప్‌లో దుబాసీ కూలీలను కొట్టించి, గాయాలపై ఉప్పునీళ్లు పోయించాడని విచారణలో సాక్ష్యాలు వచ్చాయి. ఒప్పందంలోని ఐదేళ్ల గడువు తీరాక బతికున్నవారిలో అధికులు భారతదేశానికి తిరిగొచ్చేశారు.

ఈలోగా వలసలపై నిషేధం వచ్చినా, 1845లో వెస్టిండీస్‌కు దారి మళ్లీ తెరుచుకుంది. మద్రాసు రేవు నుంచీ ఓడలు కదిలాయి. వాటిలో తమిళులతోపాటు తెలుగువారూ వెళ్లారు. 1917 నాటికి గయానా చేరిన భారతీయ కూలీలు సుమారు 2,39,000 మంది.

ముగింపు

2023లో గ్లాడ్‌స్టన్ వంశీకులు గయానాకు వెళ్లి తమ పూర్వీకుల చర్యలకు క్షమాపణ చెప్పారు. అది అవసరమే, కానీ చరిత్రకారుల పని దానితో తీరదు. పరిహారం చెల్లింపు, కలకత్తాకు రాసిన లేఖ, ఓడల రాక, ఈ మూడూ ఒకే వరుసలోవి. వాటిని విడివిడిగా చదివినంతకాలం కూలీ వలస పేదరికం వల్ల దానంతట అదే పుట్టిందనే అపోహ మిగిలే ఉంటుంది. తెలుగువారి వలస చరిత్ర రాసేవారు రేవుల నుంచి కాక, తోటల యజమానుల ఖాతా పుస్తకాల నుంచి పని మొదలుపెట్టాలి.